‘అట’ లేని పుస్తకం

4,001వ రోజు

గాలి తూర్పు. పెట్టె వేడి మామూలు. పెట్టెని చల్లబరిచే నీటి గొట్టానికి ఆల్చిప్పలు పట్టాయి. గీకితే అర బకెట్టు వచ్చాయి.

పాత పుస్తకం నిన్నటితో నిండింది. కొత్త పుస్తకం మొదటి పేజీలో సాక్షి తన పేరూ, మూడు నియమాలూ రాయాలి కాబట్టి రాస్తున్నాను. పేరు సుభాషిణి. వయసు నలభై ఏడు. ఉద్యోగం, సముద్రం మీద తేలే ఊళ్ళలో మూడో తెప్ప మీద దండ పెట్టెకి సాక్షి. నోరు విప్పకూడని ఉద్యోగానికి ఈ పేరున్న మనిషిని వెతికి మరీ పంపించారని తెప్ప జనం నవ్వేవాళ్ళు. మొదటి ఏడాది నేనూ నవ్వాను.

నియమాలు. ఒకటి, తన కళ్ళతో చూసిందీ తన చెవులతో విన్నదీ మాత్రమే రాయాలి. రెండు, సాక్షి సొంతంగా పూస గుచ్చకూడదు. మూడు, ఈ పుస్తకంలో ‘అట’ అనే మాట రాకూడదు. అట అంటే ఇంకెవరో అన్నారని. ఇంకెవరో అన్నదానికి సాక్షి పూచీ పడకూడదు. నాలుగు వేల రోజుల్లో ఒక్కసారి కూడా నేను ఆ మాట రాయలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, అది నా పని.

ఇవాళ పెట్టెలో ఒక నోటీసు పడింది. మైలపల్లి నూకరత్నం చెప్పే పీత అల్లుడి కథలకు మూలం ఎవరో పదేళ్ళు దాటినా తేలలేదు. వాటిని దత్తత తీసుకుంటామని ‘ఆదిమూలం’ అనే ఒడ్డు సంస్థ దరఖాస్తు పెట్టుకుంది. అభ్యంతరాలుంటే ఇరవై ఒక్క రోజుల్లో చెప్పాలి.

నోటీసు గోడకి అంటించాను. మధ్యాహ్నం వంజరం పులుసు.

4,002వ రోజు

గాలి తూర్పు. తాళ్ళ షెడ్డుకి వెళ్ళాను.

షెడ్డులో ముప్ఫైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాళ్ళకి నాచు మొలకలు కడతారు. ఆ తాళ్ళే సాయంత్రం సముద్రంలోకి దిగుతాయి, నెలన్నరకి పంటై పైకొస్తాయి. మూడో తెప్ప బతుకుతున్నది దాని మీదే. నూకరత్నం కూడా కట్టేది. కిందటి వానాకాలం నుంచి ఆవిడ వేళ్ళు వంగడం లేదు. వయసు అరవై మూడు. ఇప్పుడు షెడ్డు చివర బోర్లించిన తొట్టి మీద కూర్చుని కథ చెబుతుంది. కథ నడుస్తున్నంతసేపూ మిగతావాళ్ళ చేతులు వేగంగా కదులుతాయి. ఇది నేను చూసిన సంగతే.

ఇవాళ చెప్పింది: “పీత ఇల్లరికం ఒచ్చినాడంట. అత్తగారు గుమ్మంలో నిలబడి, ‘రా అల్లుడూ, లోపలికి రా’ అన్నాదంట. పీత అడుగేసినాడంట. పీత అడుగేత్తే ఎటెల్తాడు? పక్కింట్లోకెల్లిపోనాడంట! పక్కింటోల్లు కాళ్ళు కడిగి బోయినం పెట్టినారంట. ఈ అత్తగారు గుమ్మంలో అలాగే నిలబడి ఉన్నాదంట.”

నేను నవ్వలేదు. షెడ్డు గోడకి పెట్టె చెవీ గొంతూ బిగించి ఉన్నాయి, సాక్షి నవ్వినా పెట్టె దాన్ని మెచ్చుకోలు కింద రాసుకుంటుంది.

మేం రాతలో అట అని రాసేదాన్ని ఆవిడ అంట అంటుంది. పెట్టెకి రెండూ ఒకటే. ఎవరైనా పూస గుచ్చినప్పుడు, అంటే ఒక మాటో పాటో పనితనమో పెట్టెకి వినిపించినప్పుడు, అది దండలో ముందు పూస పక్కన చేరి బిగుసుకుంటుంది. ఇక దాన్ని తియ్యడం, మార్చడం ఎవరి తరమూ కాదు. విన్నవాళ్ళకి నచ్చితే అల్లినవాళ్ళకి పలుకులు వస్తాయి. పలుకులతోనే బియ్యం, మందులు, పడవలో చోటు. అయితే మాటలో అట ఉందా, ఆ మాట నీది కాదు. పది పలుకుల్లో తొమ్మిది అసలు అన్నవాళ్ళకి పోతాయి. అసలు ఎవరో తెలియకపోతే ఆ తొమ్మిదీ ఆగిపోయి ఎదురుచూస్తూ కూర్చుంటాయి. నూకరత్నం పలుకులు పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నాయి.

4,003వ రోజు

గాలి లేదు. పెట్టె కొంచెం వేడెక్కింది, నీటి గొట్టం జల్లెడ కడిగాను.

దండ గురించి నేను చెడ్డగా రాయను. నా చిన్నప్పుడు మా అమ్మ కజ్జికాయలు వత్తే పద్ధతి చూపించి ఫోనులో పెట్టింది. అంచు మడత అమ్మ సొంతంగా కనిపెట్టింది. నెల తిరిగేసరికి ఆ మడత దేశమంతా తిరిగింది, చేతులు మా అమ్మవి, పైన అతికించిన మొహం ఇంకెవరిదో. అమ్మ ఎవరితోనూ పోట్లాడలేదు. కజ్జికాయలు చెయ్యడం మానేసింది. అలాంటిది ఇప్పుడు జరగదు. తెప్ప పెద్ద చోడిపల్లి అప్పలకొండ నాచు తాడుకి వేసే జారని ముడిని పూస గుచ్చాడు. ఎక్కడో ఎవరో ఆ ముడి నేర్చుకున్నప్పుడల్లా ఇక్కడ ఆయనకి పలుకు పడుతుంది. ఆ పలుకులతో మోకాలు బాగుచేయించుకుని ఇప్పుడు నిచ్చెన ఎక్కుతున్నాడు. నేను చూశాను.

వెర్రితనం లేదనీ చెప్పను. మూడేళ్ళ కిందట ఒకాయన “భోజనాలయ్యాయా” అన్నది తన సొంత మాటని గుచ్చబోయాడు. పెట్టె ఒప్పుకోలేదు. మర్నాడు తన తుమ్ము గుచ్చాడు. దానికి ఒప్పుకుంది.

సాయంత్రం నూకరత్నం గదికి వెళ్ళి నోటీసు చదివి వినిపించాను.

“దత్తతా? ఎందుకు, ఆల్లకి పిల్లల్లేరేటి?” అంది.

“కథల్ని పిన్నీ. నీ కథలకి అమ్మా నాన్నా ఎవరో తేలలేదు కదా. అనాథల కింద లెక్క. ఎవరైనా తీసుకోవచ్చు.”

“తీసుకోనీ. పోనేలే, ఆల్లూ నవ్వుకుంతారు.”

“తీసుకుంటే మూలం వాళ్ళవుతారు. నువ్వు పీత కథ కొత్తది చెప్పాలంటే వాళ్ళని అడగాలి.”

“పీతగాడు నా మాటినకండా ఆల్ల మాటింతాడా?” అని అడిగింది.

టీ తాగి వచ్చేశాను.

4,006వ రోజు

గాలి ఆగ్నేయం. అప్పలకొండ పెట్టె గదికి వచ్చాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

“మేడమ్ గారూ, నాకు మొకం సెల్లట్లేదు. వానాకాలం జాబితా రాయాల,” అన్నాడు.

మూడో తెప్ప మీద మూడువందల నలభైమందికి మించి చోటు లేదు. ఏటా వానలకి ముందు ఒడ్డుకి పంపేవాళ్ళ జాబితా రాస్తారు. ఇక్కడ ఉండాలంటే చెయ్యి ఉండాలి, లేకపోతే మాట ఉండాలి. చెయ్యి అంటే పని. మాట అంటే దండలో సొంత పూస. రెండూ లేనివాళ్ళని ఒడ్డు శిబిరానికి పంపిస్తారు. శిబిరంలో అన్నం పెడతారు, మంచం ఇస్తారు. ఎవరూ తిరిగి రారు.

“ఆవిడకి చెయ్యి లేదు. మాట ఉంది కదా,” అన్నాను.

“మాటంతా ‘అంట’ మాటే గదండీ. తిరిగి సెప్పే మనిసి కింద రాసున్నాది. తిరిగి సెప్పీది మాట కింద రాదు. నాను రాసిన రూలు కాదు.” మోకాలు రాసుకున్నాడు. “ఇరవైరెండో తారీకున పడవొస్తాది.”

తెప్ప మీద తారీకంటే నా పుస్తకంలో రోజు చివరి అంకెలే. పడవ వచ్చేది 4,022వ రోజున. దత్తత తేలేది 4,021వ రోజున.

4,009వ రోజు

వాన తుంపర. పెట్టె చల్లగా ఉంది.

పాత పుస్తకాలు తీశాను. మొత్తం పది. సాక్షి తన పాత పుస్తకాలు చదువుకోవడం మీద నిషేధం లేదు, చదువుకున్న సాక్షి ఉందేమో నాకు తెలియదు.

2,316వ రోజున రాసింది: “మంచినీటి తొట్టి మూతలో అప్పలకొండ ఇరుక్కున్నాడు. పక్కకి తిరిగితే బయటపడ్డాడు.” 2,317వ రోజున నూకరత్నం పూస: పీత అల్లుడు అత్తగారి గాదెలో ఇరుక్కుని, పక్కకి తిరిగి బయటపడ్డాడు.

2,702వ రోజున: “పడవలో ఉల్లిపాయలు రాలేదు. వంటశాలలో గొడవ.” 2,704న: పీత ఉల్లిపాయ కోసం సంతకి బయల్దేరి, పక్కకి పక్కకి నడిచి సింహళం చేరాడు.

ఇలాంటివి ముప్ఫై ఆరు దొరికాయి. ఇక వెతకలేదు.

2,940వ రోజున ఇంకొకటి ఉంది. “నూకరత్నం తాళ్ళ షెడ్డు వెనక ఒక్కతే కూర్చుని మాట్లాడుకుంటోంది. గాలి దక్షిణం.” ఆ మధ్యాహ్నం నాకు బాగా గుర్తుంది. అత్తగారు తలుపు తీస్తుందా, తియ్యదా అని ఆవిడ తనలో తనే మూడు రకాలుగా చెప్పి చూసుకుంటోంది. తియ్యదు అని ఒకసారి, తీసి మళ్ళీ వేసేస్తుంది అని ఒకసారి. మూడోసారి తలుపే పీకి పక్కింటి గోడకి బిగించింది. అదే బాగుందనిపించి తనే నవ్వుకుంది. మర్నాడు షెడ్డులో ఆ మూడోదే చెప్పింది, ఎవరో ఎప్పుడో చెప్పగా విన్నట్టు, ప్రతి ముక్కకీ అంట తగిలించి.

మొదటి పుస్తకం కూడా తీశాను. 9వ రోజు. తెప్ప జనాన్ని పెట్టెకి పరిచయం చేస్తూ నేను నింపిన కాగితం. ‘అల్లేవారు’ అని ఒక గడి, ‘తిరిగి చెప్పేవారు’ అని ఒక గడి. నూకరత్నం కథలో అంట వినిపించింది, రెండో గడిలో టిక్కు పెట్టాను. ఆవిడని అడగలేదు. అడగాలని తోచలేదు.

నాకు సిగ్గేసింది. ఇది చూసిందీ విన్నదీ కాదు, అయినా రాస్తున్నాను.

4,010వ రోజు

గాలి దక్షిణం. నూకరత్నం గదికి వెళ్ళాను.

“పిన్నీ, ఆ కథలు నీకెవరూ చెప్పలేదు. నువ్వే అల్లావు. నేను చూశాను,” అన్నాను.

ఆవిడ గోనెసంచి దులుపుతోంది. దులపడం ఆపలేదు. “నానేటి అల్లుతాను. అదలా ఒచ్చిద్ది.”

“ఎవరి దగ్గర్నుంచి?”

“ఎవుల్దగ్గర్నించో.”

“పెట్టె ముందు ఒక్క మాట చెప్పాలి. ‘ఈ కథలు నేను అల్లాను.’ అంతే. దత్తత ఆగిపోతుంది, జాబితాలో నీ పేరు పడదు. ఏదీ, ఒకసారి అను.”

“ఈ కతలు నాను అల్లినాను…” అని ఆగింది. నోట్లో ఏదో అడ్డుపడినట్టు మొహం పెట్టింది. “అంట,” అంది.

ఆరుసార్లు చెప్పించాను. ఆరుసార్లూ అంట వచ్చింది. ఏడోసారి ఇద్దరం నవ్వేశాం. పెట్టె దగ్గర లేదు కాబట్టి నేనూ నవ్వాను.

4,013వ రోజు

గాలి దక్షిణం. మళ్ళీ వెళ్ళాను. ఈసారి కోపంగా వెళ్ళాను. తన బతుకు గురించి తనకి లేని పట్టింపు నాకెందుకని దారంతా గొణుక్కున్నాను.

“శిబిరానికి పంపేస్తారు పిన్నీ. అర్థమవుతోందా? షెడ్డు ఉండదు, వినేవాళ్ళుండరు. ఒక్క మాట కోసం ఇంత మొండితనమా?”

“మొండితనం కాదు సాచ్చమ్మా,” అంది. సాక్షి అనే మాటకి అమ్మ తగిలించి పదకొండేళ్ళుగా నన్నలాగే పిలుస్తుంది. “నువ్వే సెప్పు. పీత అల్లుడు ఉన్నాడేటి?”

“లేడు.”

“లేడు గదా. లేనోడు ఒచ్చినాడు అని నానంటే ఏటవుద్ది? అబద్దమవుద్ది. ఒచ్చినాడంట అంటే కతవుద్ది. ఆ అంట ఒక్కటే గదా నాకూ అబద్దానికీ అడ్డం. అది పీకేసినావనుకో, అరవై మూడేల్ల ముసిల్ది ముప్పైమంది ముందు కూకుని అబద్దాలాడతన్నట్టు.”

“కథలో ఉంచుకో. కథ నాది అని చెప్పేటప్పుడు మాత్రం వద్దు.”

“నాదంటే ఎవులింటారు? ‘ఈ ముసిల్ది పుట్టించినాదిలే’ అనుకుంతారు. ఎవులో సెప్పినారంటే, ఎక్కడో జరిగినాదేమో అనుకుంతారు. పీతగాడు అలా బతుకుతన్నాడు.” వంగని వేళ్ళతో నా చెయ్యి తట్టింది. “నీకు ఎర్రి కోపం. టీ ఎట్టు.”

టీ పెట్టాను. నాకు దుఃఖం వచ్చింది. వచ్చిన కోపం ఎటు పోయిందో తెలియదు.

4,016వ రోజు

గాలి లేదు. పెట్టె వేడి. రెండుసార్లు జల్లెడ కడిగాను.

అప్పలకొండ తన బుర్రకి తోచిన ఉపాయం చేశాడు. షెడ్డులో ఆడవాళ్ళందరినీ పెట్టె ముందుకి తీసుకొచ్చాడు, నూకరత్నమే అల్లిందని ఒక్కొక్కరి చేతా చెప్పించడానికి. మొదటి ఆవిడ, “కతలు నూకరత్నమే అల్లీదంట,” అంది. పెట్టె అడిగింది, ఎవరు చెప్పారని. “ఈలంతా అనుకుంటన్నారు గదా,” అని వెనక్కి చూపించింది. వెనక ఆవిడా అంట అంది. ముప్ఫైమందీ అదే. చూడలేదు కదా మరి, చూడనిదాన్ని చూశామని ఎలా అంటారు. ఈ తెప్ప మీద ఆడవాళ్ళ నిజాయితీకి వంక పెట్టడానికి లేదు.

అప్పలకొండ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

చూసిన మనిషి ఒక్కతే ఉంది. ఆ మనిషి పూస గుచ్చకూడదు. గుచ్చిన క్షణం సాక్షి కాదు, దండలో తన పేరు మీద ఒక్క పూసా ఉండకూడదన్నదే సాక్షికి అర్హత. నేను ఈ ఉద్యోగం బాగా చేశాను. నాకు ఇంకొకటి చేతకాదు. ఈ గది, ఈ కిటికీ, పొద్దున్నే గొట్టం గీకుడు, పుస్తకం. వీటితో నాకు ఏ లోటూ లేదు.

4,018వ రోజు

జాబితా అంటించారు. ఈ ఏడు ఒకే పేరు. అంటించింది అప్పలకొండే. తర్వాత నూకరత్నం గది వైపు వెళ్ళకుండా తెప్ప చుట్టూ తిరిగి వెళ్ళాడు.

నూకరత్నం గోనెసంచిలో బట్టలు సర్దుకుంది. వేళ్ళు వంగవు కాబట్టి మడతలు నేను పెట్టాను.

4,021వ రోజు

గాలి నైరుతి. పెట్టె వేడి మామూలు.

ఆదిమూలం తరఫున హర్షవర్ధన్ అనే ఆయన ఒడ్డు నుంచి చిన్న పడవలో వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. పడవ పడక వాంతి చేసుకున్నాడు, నిమ్మకాయ నీళ్ళిచ్చాను. మర్యాదస్తుడు. “మేమేమీ లాక్కోవడం లేదు మేడమ్. ఎవరూ అడగని కథలు పాడైపోకుండా చూస్తాం. ఆవిడ చెప్పుకోవచ్చు, అనుమతి రాయించుకుంటే చాలు,” అన్నాడు. నమ్మే చెబుతున్నాడు. మా అమ్మ చేతుల మీద మొహం అతికించినవాళ్ళలాంటి మనిషి కాదు. అందుకే ఇబ్బంది.

పదకొండు గంటలకి పెట్టె గదిలో నలుగురం. నూకరత్నం ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. మెట్ల మీద షెడ్డు ఆడవాళ్ళు.

పెట్టె అడిగింది: “పీత అల్లుడి కథలకు మూలం ఎవరు?”

అప్పలకొండా నేనూ నూకరత్నం వైపు తిరిగాం.

నూకరత్నం గొంతు సవరించుకుంది. షెడ్డులో తొట్టి మీద కూర్చున్నప్పుడు ఎలా సర్దుకుంటుందో అలాగే కొంగు సర్దుకుంది.

“అనగనగా నీల్ల మీద ఒకూరంట,” అంది. “ఆ ఊల్లో నూకరత్నమని ఒక ముసిల్దంట. ఇంటిపేరు మైలపల్లంట. పిల్లల్లేరంట. పిల్లల్లేరు గదాని ఊరుకోకండా ఒక పీతని కన్నాదంట. దానికి తనే పెల్లి సేసినాదంట, తనే అత్తోరింటికి అంపినాదంట. ఎవులైనా అడిగితే నాకేటి తెలుసు, ఎవులో కన్నారంట అనీదంట.”

ఎవరూ నవ్వలేదు. హర్షవర్ధన్ నిమ్మకాయ నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

పెట్టె కొంచెం సేపు తీసుకుంది. తర్వాత: “మూలంగా మైలపల్లి నూకరత్నం పేరు చెప్పారు. ఈ మాట మీది కాదు. మీకు ఎవరు చెప్పారు?”

“ఇదిగో, ఈ సాచ్చమ్మ,” అంది నూకరత్నం. “పదో తారీకున నా గదిలో కూకుని సెప్పినాది. నువ్వే అల్లినావు, నాను సూసినాను అన్నాది.”

అది నిజం. ఆవిడ అబద్ధం ఆడదు.

పెట్టె: “సుభాషిణి పేరుతో దండలో పూస లేదు. పూస లేనిచోట మూలం ముడిపడదు. పది నిమిషాలు చూస్తాను.”

పది నిమిషాల్లో మొదటి నిమిషం నేను కిటికీలోంచి సముద్రం చూశాను. నూకరత్నం నా వైపు చూడలేదు. నన్ను అడగనూ లేదు. పక్కకి తిరిగి అప్పలకొండ మోకాలు ఎలా ఉందని అడుగుతోంది. నేనేం పోగొట్టుకుంటానో ఆవిడకి తెలుసు, నేనే ఒకప్పుడు చెప్పాను. అందుకే చూడలేదు.

రెండో నిమిషంలో పెట్టె మీద బొటనవేలు పెట్టాను.

“పీత అల్లుడి కథలు మైలపల్లి నూకరత్నం అల్లింది. 2,940వ రోజు మధ్యాహ్నం తాళ్ళ షెడ్డు వెనక ఆవిడ ఒక కథని మూడు రకాలుగా అల్లుకోవడం నేను చూశాను, విన్నాను. 9వ రోజున రెండో గడిలో టిక్కు పెట్టింది నేను. తప్పు నాది.”

ఎక్కడా అట లేదు. ఇది నా మొదటి పూస.

పెట్టె వరసగా రెండు ముక్కలు చెప్పింది. “మూలం: మైలపల్లి నూకరత్నం. ఆగిన పలుకులు ఆవిడవే. దత్తత దరఖాస్తు కొట్టివేయబడింది.” తర్వాత, అదే గొంతుతో: “మూడో తెప్ప సాక్షి పదవి ఖాళీ.”

మెట్ల మీద ఆడవాళ్ళు ఒక్కసారిగా అరిచారు. అప్పలకొండ గోడకి అంటించిన జాబితా చింపడానికి పరిగెత్తాడు, ఆ మోకాలితోనే. హర్షవర్ధన్ గ్లాసు కింద పెట్టి, “బామ్మగారూ, పడవకి ఇంకా టైముంది. ఒక కథ చెబుతారా?” అన్నాడు.

“సెప్తాను గానీ, అనుమతి కావాలేటి?” అంది నూకరత్నం.

ఆయన ఎర్రబడ్డాడు. ఆవిడ చెప్పింది. ఆయన నవ్వాడు.

4,022వ రోజు

గాలి నైరుతి. పెద్ద పడవ వచ్చింది. బియ్యం, ఉల్లిపాయలు దింపింది. ఎవరినీ ఎక్కించుకోకుండా వెళ్ళింది.

ఒడ్డు నుంచి ఉత్తరం: కొత్త సాక్షి పన్నెండు రోజుల్లో వస్తాడు, అంతవరకూ గొట్టం గీకుతూ ఉండవలసింది. గది ఖాళీ చెయ్యాలి. పుస్తకాలు పదీ, ఈ పుస్తకమూ అప్పగించాలి.

అప్పలకొండ వచ్చి, “మేడమ్ గారూ, ఒడ్డుకెల్తారా, ఉంతారా?” అని అడిగాడు. చెయ్యి గానీ మాట గానీ ఉంటే ఉండొచ్చు. నాకు ఒక పూస ఉంది కానీ దానికి పలుకులు పడే ఆశ లేదు. అందులో నవ్వుకోవడానికేం లేదు. చెయ్యి చూపిస్తానన్నాను.

సాక్షి పుస్తకం ఇంతటితో సరి.

బడి నోటుపుస్తకం, మొదటి పేజీ

రోజు లెక్క ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియక వెయ్యలేదు. గాలి ఎటు నుంచో చూడలేదు.

కొత్త సాక్షి వచ్చి మూడు వారాలైంది. మాట్లాడడు. గొట్టం మాత్రం సరిగ్గా గీకడం లేదు, చెప్పకుండా ఊరుకుంటున్నాను.

నేను తాళ్ళ షెడ్డులో నాలుగో వరసలో కూర్చుంటున్నాను. నేను కట్టిన మొలకలు సగం ఊడిపోతాయి. ఆడవాళ్ళు ఊడిపోయే ముడికి ‘సాచ్చమ్మ ముడి’ అని పేరు పెట్టారు. అప్పలకొండ తన జారని ముడి నాకు మూడుసార్లు నేర్పాడు, పలుకు తీసుకోకుండా. వేళ్ళు పగిలాయి. పదకొండేళ్ళలో మొదటిసారి పెట్టె వింటుండగానే పగలబడి నవ్వాను, పెట్టె రాసుకుంటే రాసుకుందని.

నూకరత్నం మారలేదు. ఇప్పటికీ ప్రతి ముక్కకీ అంట తగిలిస్తుంది. పెట్టె ప్రతిసారీ ఎవరు చెప్పారని అడుగుతుంది. “నూకరత్నమని ఒకావిడంటమ్మా,” అంటుంది. పెట్టె సరేనంటుంది.

ఇవాళ పీత కథ కాదు, కొత్తది ఎత్తుకుంది.

“అనగనగా ఒక నత్తంట. పెట్టె గోడకి అంటుకుని పదకొండేల్లు ఉన్నాదంట. ఎవులేటన్నా ఇనీదంట, పలికీది కాదంట. ఇన్నదంతా గుల్లలో దాసుకునీదంట. ఒకనాడు నోరిప్పినాదంట. నోరిప్పేసరికి గుల్ల ఊడి కింద పడిపోనాదంట.”

“అయ్యో, సచ్చిపోనాదేటి?” అంది ముందు వరసలో ఒకావిడ.

“సచ్చిపోడమేటి? గుల్ల లేకండా బరబరా పాక్కుంటా ఒచ్చి, మన నాలుగో వరసలో కూకుని తాడు కడతన్నాదంట. ముడెయ్యడం మాత్రం రాదంట.”

ముప్ఫైమందీ నా వైపు తిరిగారు. నేను తల వంచుకుని ముడి బిగించాను. అది ఊడిపోయింది.

ఆ నత్త నేనేనట.